‘రన్’ కింద ఎన్ని అర్థాలు రాయాలి: ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు కేసు

నేపథ్యం

ఒకే సంపుటంలో పట్టే ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తయారవుతున్నప్పటి కేసు ఇది. వాడేవాళ్లు ఎవరో పని మొదలుపెట్టకముందే తేల్చుకున్నారు: తెలుగు బాగా వచ్చినవాళ్లు, ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు, చదువుతూ చదువుతూ ఏదో ఒక మాట దగ్గర ఆగిపోయేవాళ్లు. వాళ్లకు కావలసింది చదివింది అర్థం కావడం. ఇంగ్లీషులో రాయడానికి సాయం చేయడం ఈ పుస్తకం పని కాదు. ఈ నిర్ణయమే తర్వాత చాలా తగాదాలు తీర్చింది కాబట్టి మొదటే చెబుతున్నాను. ప్రచురణకర్తను, సంపాదకులను గుర్తుపట్టే వివరాలు ఇక్కడ అక్కర్లేదు.

నిఘంటువు పనిలో పొడుగాటి మాటలతో పెద్ద పేచీ ఉండదు. ‘ఫొటోసింథసిస్’కి ఒక వరుస రాస్తే అయిపోతుంది. రోజులు తినేసేవి మూడు నాలుగు అక్షరాల పాత క్రియలు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలోనే కమ్, గెట్, గివ్, డూ, పుట్, సెట్, గో, రన్, మేక్, టేక్, టర్న్ లాంటి క్రియలను పేరుపేరునా చెప్పి, వీటికి హద్దులు గీయడం ఎంత కష్టమో వాపోయాడు. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పులో అన్నిటికన్నా పెద్ద ఆరోపం (అంటే నిఘంటువులో ఒక మాటా, దాని కింద రాసే అర్థాలన్నీ కలిపి) ‘సెట్’. దాని క్రియారూపానికే 430 అర్థాలు చూపారు. ఆ తర్వాత సవరణ సాగుతున్నకొద్దీ ఆ స్థానం ‘మేక్’కి, ‘పుట్’కి, 2011లో ‘రన్’కి మారింది. ‘రన్’ క్రియకు వాళ్లు తేల్చిన లెక్క 645. ఆ ఒక్క ఆరోపం సవరణకు సంపాదకుడు పీటర్ గిలివర్‌కు తొమ్మిది నెలలు పట్టింది. ఇదే మాటకు కంప్యూటర్ కోసం చేసిన ఇంగ్లీషు పదకోశం వర్డ్‌నెట్ 3.0లో క్రియగా 41, నామవాచకంగా 16 అర్థాలున్నాయి. విద్యార్థుల నిఘంటువుల్లో ఇంకా తక్కువ ఉంటాయి.

అంకెలు ఇంత తేడాగా ఉన్నాయంటే ఎవరో ఒకరు తప్పు లెక్కపెట్టారని కాదు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు చరిత్ర రాస్తుంది. వాడుకలోంచి పోయిన అర్థం కూడా అందులోంచి పోదు. మెరియమ్–వెబ్‌స్టర్ నిఘంటువులు కూడా పాత అర్థాన్ని ముందు, కొత్తదాన్ని తర్వాత పెడతాయి. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకోసం చేసిన లాంగ్‌మన్, కోబిల్డ్ లాంటి నిఘంటువులు ఇవాళ్టి వాడుకలో ఏది ఎక్కువ కనబడితే దాన్ని ముందుకు తెస్తాయి. పైగా దేన్ని ‘ఒక అర్థం’గా లెక్కపెట్టాలన్నది ఒక్కో చోట ఒక్కో రకం. ‘రన్ అవుట్’, ‘రన్ ఇంటూ’ లాంటి జంటమాటలను కొందరు ఈ లెక్కలోనే కలిపేస్తారు, కొందరు విడి ఆరోపాలు చేస్తారు. యంత్రం తనంతట తాను నడవడాన్నీ, మనిషి దాన్ని నడపడాన్నీ ఒకే అంకె కింద అ, ఆ అని చూపేవాళ్లున్నారు. రెండంకెలు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అంకెలు పోల్చి ‘ఇది సమగ్రం, అది కాదు’ అనడానికి వీల్లేదన్నమాట.

ఎదురైన సమస్య

‘రన్’ మొదటి చిత్తుప్రతి దాదాపు రెండు పేజీలకు పాకింది. పొడవు మాట అటుంచితే, దాన్ని చేతికిచ్చి చదివించినప్పుడు జనం తప్పు అర్థం పట్టుకుని వెళ్లిపోతున్నారు. ఇది పెద్ద సమస్య.

చదివించిన పద్ధతి ఇది. మామూలు పుస్తకాల్లో, పత్రికల్లో దొరికే ఇంగ్లీషు వాక్యాలు 20 తీసుకుంటాం. ప్రతిదాంట్లో ‘రన్’ ఏదో ఒక రూపంలో ఉంటుంది. చదివే మనిషికి వాక్యం, ఆరోపం చిత్తుప్రతి రెండూ ఇస్తాం. ఏ అంకె ఎంచుకున్నారు, ఎంత సేపు వెతికారు, అసలు ఎక్కడిదాకా చదివి ఆగారు అనే మూడు సంగతులు రాసుకుంటాం. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, అందరూ మరిచిపోయేదీ అదే. ఆగిన చోటు తెలియకపోతే తప్పు అర్థం వల్ల వచ్చిందో, వరస వల్ల వచ్చిందో చెప్పలేం.

ఫలితం ఊహించినట్టే ఉంది. చాలామంది మొదటి మూడు నాలుగు అంకెలు దాటలేదు. అక్కడ కాస్త సరిపోయినట్టు కనబడినదాన్ని తీసుకుని పుస్తకం మూసేశారు. నిఘంటువు వాడకం మీద పనిచేసినవాళ్లందరికీ తెలిసిన అలవాటే ఇది. ‘షి రాన్ ద క్లినిక్ ఫర్ హర్ బ్రదర్’ అన్న వాక్యానికి ‘పరుగెత్తు’ సరిపోదని ఎవరికైనా తెలుస్తుంది, అక్కడ ముందుకు వెళ్లారు. ‘దే కాంట్ అఫర్డ్ టు రన్ ఎ కార్’ దగ్గర మాత్రం దాదాపు అందరూ బోల్తాపడ్డారు. ‘కారు నడపడం’ అనుకున్నారు. వాక్యం చెప్పేది డ్రైవింగ్ గురించి కాదు. కారు పెట్టుకుని దాని పెట్రోలు, రిపేర్లు, పన్నులు భరించే స్తోమత లేదని. బ్రిటిష్ ఇంగ్లీషులో ఇది మామూలు వాడుక. చదివినవాళ్లకు దొరికిన అర్థం వాక్యంలో చక్కగా అతికింది కాబట్టి అనుమానమే రాలేదు.

ఈ రెండు వాక్యాల మధ్య తేడా దగ్గరే కేసు మలుపు తిరిగింది. కానీ అప్పటికి ఎవరూ దాన్ని అలా చూడలేదు.

చేసి చూసినవి, చెడినవి

మొదటి చిత్తుప్రతి ఐదు నిఘంటువులను ముందు పెట్టుకుని అన్నిటి అర్థాలనూ పోగేసి తయారుచేసింది. ఏదీ వదలకూడదన్న ఉద్దేశం మంచిదే. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఒక్కో నిఘంటువు ఒకే నేలను ఒక్కో చోట గట్టు వేసి విడగొడుతుంది. ఒకరు ‘యంత్రం పనిచేయు’, ‘కంప్యూటర్ ప్రోగ్రామ్ పనిచేయు’ కలిపేస్తారు. ఇంకొకరు కంప్యూటర్‌ను విడిగా పెడతారు. మూడోవారు సకర్మకం, అకర్మకం అని కోస్తారు కాబట్టి వాళ్ల దగ్గర ఇంజనూ కంప్యూటరూ ఒకే చోట ఉంటాయి గానీ, ‘నడుచు’ ఒక చోటా ‘నడుపు’ ఒక చోటా పడతాయి. ఈ మూడిటినీ పోగేస్తే అర్థాలన్నీ రావు, గట్లన్నీ వస్తాయి. ఒకే ఉదాహరణ వాక్యం మూడు అంకెల కింద కూర్చోగలదు, ఏదీ తప్పు కాదు. చదివేవాడికి మాత్రం ఆ మూడిటికీ తేడా ఏమిటో తెలియక బుర్ర తిరుగుతుంది. పైగా ఇంకొకరి విభజనను ఎత్తి రాయడం కాపీహక్కుల దృష్ట్యా కూడా మంచిది కాదు.

దానికి విరుగుడుగా రెండో ప్రయత్నంలో అందరిలోనూ ఉన్నవే ఉంచి మిగతావి తీసేశారు. ఆరోపం అరపేజీకి దిగింది, చూడముచ్చటగా ఉంది. కానీ నిఘంటువులన్నీ ఒప్పుకునే అర్థాలు చదివేవాడికి ముందే తెలిసినవే. పరుగెత్తడం, నడపడం, పారడం, పోటీచేయడం కోసం ఎవరూ నిఘంటువు తెరవరు. బట్టల రంగు దిగడం, గోడ వెంట వైరు లాగడం, పైన చెప్పిన కారు సంగతి: ఇవన్నీ ఎగిరిపోయాయి. చదివించినప్పుడు తప్పులు తగ్గకపోగా, ‘ఇందులో లేదు’ అన్న జవాబులు పెరిగాయి.

మూడోది మూలభావం పద్ధతి. ‘రన్’ అన్నిటికీ అడుగున ఉండేది ఆగకుండా సాగే కదలిక అని ఒక వాక్యం పైన రాసి, దాని కింద శాఖలుగా మిగతావి చూపడం. 1998లో వచ్చిన న్యూ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఆఫ్ ఇంగ్లీష్ ప్రతి మాటకూ మూలార్థాలు పెట్టి, ఉపార్థాలను వాటి కిందికి చేర్చింది. ఇంగ్లీషు తెలిసినవాళ్లకు అది చక్కగా పనిచేస్తుంది. పాఠం చెప్పేవాళ్లకు కూడా నచ్చుతుంది. అయితే వెతుక్కునేవాడికి అది దారి చూపదు. నది, ఇంజను, ఒప్పందం, జలుబు చేసిన ముక్కు అన్నీ ‘సాగే కదలిక’లే అయితే ఏ కొమ్మ ఎక్కాలో ఎలా తెలుస్తుంది? అర్థం తెలిసినవాడికి మాత్రమే ఆ కొమ్మ కనబడుతుంది. దీన్ని పూర్తిగా వదిలేశారు, పీఠికలో ఒక వాక్యంగా కూడా ఉంచలేదు. అది సరైన నిర్ణయమే అని నా అభిప్రాయం.

నాలుగోది చూడటానికి అన్నిటికన్నా తెలివైనది: తెలుగు మాటలను బట్టి గుంపులు కట్టడం. ద్విభాషా నిఘంటువే కాబట్టి తెలుగు మారిన చోట అర్థం మారినట్టు, మారని చోట మారనట్టు అనుకుందాం అన్నారు. ఇందులో సగం నిజం ఉంది, ఆ సగం చివరిదాకా నిలిచింది. ఇంగ్లీషు ఏకభాషా నిఘంటువులు ‘ద్రవం ప్రవహించు’ అని ఒకే అంకెలో పెట్టేదాన్ని తెలుగు ముక్కలు చేస్తుంది: నది పారుతుంది, ముక్కు కారుతుంది, కొళాయి వదిలేసి ఉంటుంది, రంగు దిగుతుంది. అదే ఇంగ్లీషు నిఘంటువులు ‘యంత్రాన్ని పనిచేయించు’, ‘సంస్థను నిర్వహించు’ అని వేరు చేసేదాన్ని తెలుగు కలిపేస్తుంది: యంత్రమైనా ఫ్యాక్టరీ అయినా కంపెనీ అయినా బడి అయినా నడపడమే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే బయటపడింది. పాత ఇంగ్లీషులో తాను పరుగెత్తడానికి ఒక క్రియ, ఇంకొకదాన్ని పరుగెత్తించడానికి దానికి దగ్గరి చుట్టమైన మరో క్రియ ఉండేవి. కాలక్రమంలో రెండూ ఒకే ‘రన్’లో కలిసిపోయాయి. తెలుగులో ఆ తేడా ఇప్పటికీ నిలిచే ఉంది. నడుచు–నడుపు, తిరుగు–తిప్పు, పారు–పారించు. అందుకే సకర్మక, అకర్మక విభజన ఇంగ్లీషు నిఘంటువుకు వ్యాకరణ వివరం మాత్రమే అయినా తెలుగు అర్థం రాసేవాడికి తప్పించుకోలేని గీత.

మరి ఎందుకు చెడింది? వెతికేవాడు ఇంగ్లీషు వైపునుంచి వస్తాడు. ‘నడుచు’ అనే గుంపులో చూడాలని అతనికి తెలియాలంటే తెలుగు అర్థం ముందే తెలిసి ఉండాలి. అది తెలిస్తే నిఘంటువుతో పనేముంది? తెలుగు మాటలను బట్టి గీతలు ఎక్కడ పడాలో తెలుస్తుంది గానీ, ఆ గీతల మధ్యకు దారి తెలియదు. ఈ రెండూ వేరువేరు పనులని గుర్తించాక మిగతా పని చకచకా సాగింది.

పనిచేసిన పద్ధతి

చదివేవాడి కళ్లముందున్నది వాక్యం ఒక్కటే. అర్థం అతనికి తెలియదు, కానీ ‘రన్’కి అటూ ఇటూ ఉన్న మాటలు కనబడుతున్నాయి. అందుకని అతనికి కనబడేవాటితోనే ద్వారాలు పెట్టారు.

ముందు సామగ్రి. వార్తలు, కథలు, సాంకేతిక రచనలు, మాటల్లోంచి ఎత్తిరాసినవి కలిసిన కార్పస్ (వాడుకలోని పాఠాలను కంప్యూటర్‌లో పోగేసిన పెద్ద సేకరణ) ఒకటి తీసుకుని, రన్, రన్స్, రాన్, రన్నింగ్ నాలుగు రూపాలకూ కన్‌కార్డెన్స్ తీయాలి. అంటే మాట నడుమ నిలువు వరుసలో, అటూ ఇటూ కొన్ని మాటలతో కనబడే జాబితా. అందులోంచి యాదృచ్ఛికంగా 300 వరుసలు. యాదృచ్ఛికంగా అన్నది ముఖ్యం. పైనుంచి 300 తీస్తే ఒకే పత్రిక, ఒకే విషయం వచ్చి పడతాయి. రకరకాల రచనలు కలపకపోయినా ఇదే ప్రమాదం: వార్తల్లో సంస్థలు నడపడం, ఎన్నికల్లో నిలబడటం ఎక్కువ, కథల్లో కాళ్లతో పరుగెత్తడం ఎక్కువ.

వరుసలను ముందు కుడివైపు మొదటి మాట ప్రకారం అక్షరక్రమంలో పెట్టాలి. ఇలా పెడితే ‘అవుట్’, ‘ఇంటూ’, ‘అప్’, ‘డౌన్’, ‘త్రూ’ తమంతట తాము గుంపులు కడతాయి. అవన్నీ తీసి విడి ఆరోపాలకు పంపేస్తే మిగిలేవి ఎంత తగ్గుతాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. తర్వాత ఎడమవైపు మాట ప్రకారం మళ్లీ వరస మార్చితే కర్తలు గుంపు కడతాయి. ఆ పని అయ్యాక ఇంకో 100 వరుసలు తీసి, కొత్త గుంపు వస్తుందేమో చూడాలి. వస్తే ఇంకో 100. వరసగా రెండు విడతల్లో కొత్తది రాకపోతే ఆపేయవచ్చు.

ఇలా తేలిన మొదటి ద్వారం: ‘రన్’ వెనకే, అంటే వాక్యంలో దాని తర్వాత, ఏముంది? నాలుగు దారులు. వెనక కర్మ లేదు, కర్మ ఉంది, ‘డ్రై’, ‘లో’, ‘షార్ట్’, ‘వైల్డ్’, ‘హై’ లాంటి విశేషణం ఉంది, ‘ఫర్’, ‘టు’, ‘ఇన్’ లాంటి చిన్నమాట ఉంది. రెండో ద్వారం: కర్మ లేకపోతే కర్త ఎవరు, కర్మ ఉంటే అది ఏమిటి. ఈ రెండూ దాటేసరికి తెలుగు మాట దాదాపు ఒకటే మిగులుతుంది. పూర్తయిన ఆరోపంలోంచి ఒక భాగం:

కర్మ లేనప్పుడు, కర్త
మనిషి, జంతువు: పరుగెత్తు
నది, కాలువ: పారు
ముక్కు, కళ్లు: కారు
రంగు, సిరా: దిగు, పక్కదానికి అంటు
ఇంజను, యంత్రం: నడుచు
బస్సు, రైలు (సర్వీసుగా): తిరుగు, నడుచు
రోడ్డు, గోడ, తీగ: వెళ్లు, పోవు
నాటకం, సినిమా: ఆడు
ఒప్పందం, లైసెన్సు: అమల్లో ఉండు
వార్త, వ్యాసం: వచ్చు, పడు

కర్మ ఉన్నప్పుడు, కర్మ
సంస్థ, దుకాణం, బడి, యంత్రం: నడుపు
కారు (స్తోమత, ఖర్చుల మాట వచ్చినప్పుడు): పెట్టుకుని ఖర్చు భరించు
పరీక్ష, తనిఖీ: చేయు
వ్యాసం, ప్రకటన (కర్త పత్రిక అయితే): వేయు, ప్రచురించు
స్నానం, కొళాయి: నీళ్లు పట్టు, నీళ్లు వదులు
వైరు, పైపు: లాగు, వేయు
వేలు, చెయ్యి, దువ్వెన: ఆనించి జరుపు
మనిషి (వెనక చోటు పేరు ఉంటే): బండిలో దింపు
ఎర్రలైటు: ఆగకుండా దాటిపోవు

‘పరుగెత్తు’ తప్ప ప్రతి వరుసకూ ఒక చిన్న ఇంగ్లీషు వాక్యం, దాని తెలుగు ఉన్నాయి. అవి ఇక్కడ వదిలేశాను. కర్తా కర్మా ఉన్న ఎడమ భాగాన్ని బొద్దు అక్షరాల్లో వేశారు, ఎందుకంటే కన్ను ముందు వెతకాల్సింది దాన్ని. తెలుగు అర్థాన్ని బొద్దుగా వేస్తే చదివేవాడు అర్థాలు మాత్రం చదువుకుంటూ పోయి, తనకు నచ్చినదాని దగ్గర ఆగిపోతాడు. మొదటి చిత్తుప్రతిలో జరిగింది అదే.

విశేషణం దారి సులువుగా తేలిపోయింది. అక్కడ ‘రన్’ చేసే పని ‘అవు’, ‘పోవు’ అన్నంతే: బావి ఎండిపోవడం, నిల్వలు అడుగంటడం, డబ్బుకు కటకటలాడటం, పిల్లలు అదుపు తప్పడం, ఆవేశాలు పెరిగిపోవడం. వచ్చే విశేషణాలు కొన్నే కాబట్టి అన్నీ రాసేశారు. చిన్నమాటల దారిలో ‘ఫర్’ వెనక పదవి పేరుంటే పోటీచేయు, నిలబడు; ‘టు’ వెనక పేజీల లెక్కో డబ్బు లెక్కో ఉంటే అంతదాకా ఉండు, అంతదాకా పోవు; ‘ఇన్ ద ఫ్యామిలీ’ అయితే ఆ ఇంట్లో తరతరాలుగా ఉండు. నామవాచకం ‘రన్’కు విడి ఆరోపం పెట్టారు: క్రికెట్ పరుగు, గెలుపుల వరస, డబ్బు వెనక్కి తీసుకోవడానికి జనం బ్యాంకు మీద పడటం, ఒక విడతలో అచ్చయ్యే ప్రతులు. దాంట్లో పెద్దగా చర్చించాల్సింది ఏమీ లేదు.

దేన్ని ఉంచాలి, దేన్ని తీయాలి

అసలు వాదన ఇక్కడ జరిగింది. చోటు పరిమితం. వాడుక ఎక్కువున్నవి ఉంచి తక్కువున్నవి తీయడం మామూలు సూత్రం. నమూనాలో మూడు వరుసలకన్నా తక్కువ వచ్చిన గుంపును తీసేయాలని మొదట అనుకున్నారు. ఆ లెక్కన కారు ఖర్చుల అర్థం పోతుంది, ఎర్రలైటు పోతుంది, రంగు దిగడం పోతుంది. 

అప్పుడు పాత పరీక్ష ఫలితాలు మళ్లీ తీశారు. క్లినిక్ వాక్యం దగ్గర చదివేవాడు తనంతట తానే అనుమానపడ్డాడు, కారు వాక్యం దగ్గర పడలేదు. కాబట్టి రెండో కొలబద్ద ఒకటి చేర్చారు: ఈ అర్థం తీసేస్తే, చదివేవాడు మిగిలినవాటిలోంచి ఒక తప్పు అర్థాన్ని తృప్తిగా ఎంచుకునే అవకాశం ఉందా? ఉంటే ఎంత అరుదైనా ఉంచాలి. లేకపోతే వాడుక లెక్క ప్రకారం పోవచ్చు. ‘రన్ ఎ టెంపరేచర్’ ఈ కొలతలో ఓడిపోయింది: వెనక ‘టెంపరేచర్’ ఉన్నాక జ్వరమని ఎవరికైనా తడుతుంది, తప్పుదారి పట్టే వీల్లేదు. దాన్ని ‘టెంపరేచర్’ ఆరోపానికి పంపారు. కారు, ఎర్రలైటు, రంగు నిలిచాయి.

రంగు సంగతి కొంచెం చెప్పాలి. చిత్తుప్రతిలో ఒకరు ‘వెలిసిపోవు’ అని రాశారు. వెలవడం అంటే రంగు తగ్గిపోవడం, దానికి ఇంగ్లీషులో ‘ఫేడ్’ ఉంది. ‘రన్’ అంటే రంగు దిగి పక్క బట్టకు అంటుకోవడం. బట్టలు ఉతికేవాళ్లకు ఈ రెండూ పూర్తిగా వేరు నష్టాలు. తెలుగు మాట రాసేటప్పుడు ఆ పని చేసేవాళ్లు ఏమంటారో అడగాలి. వైరు విషయంలో కూడా అంతే: చిత్తుప్రతిలో ‘విస్తరింపజేయు’ ఉంది, ఎలక్ట్రీషియన్లు ‘లాగడం’ అంటారు.

ప్రోగ్రామ్ దగ్గర తకరారు ఇంకా గట్టిగా జరిగింది. ‘నడుపు’ రాయాలా, ‘రన్ చేయు’ రాయాలా? ఇంగ్లీషు మాటకు అర్థంగా అదే ఇంగ్లీషు మాట పెట్టడం ఏమిటన్నది ఒక పక్షం. ప్రోగ్రామ్ విషయంలో జనం అనేది అదే కదా అన్నది ఇంకో పక్షం. నిఘంటువు ఉన్నది చదివింది అర్థం కావడానికి అన్న మొదటి నిర్ణయం ఇక్కడ తీర్పు చెప్పింది. ‘రన్ చేయు’ ముందు, ‘నడుపు’ తర్వాత. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి రచనలు అనువదించేవాళ్లకోసం చేసే నిఘంటువైతే ఈ వరస తిరగబడవచ్చు.

వరసలో మొదటిది ఏది పెట్టాలన్నది కూడా మాటల్లో తేలలేదు, చదివించి తేల్చారు. వార్తల నమూనాలో ‘నడుపు’ ముందుంది కాబట్టి దాన్నే మొదట పెట్టి చూశారు. చదివేవాళ్లు తడబడ్డారు: తమకు తెలిసిన ‘పరుగెత్తు’ పైన కనబడకపోయేసరికి తప్పు ఆరోపం తెరిచామేమో అనుకున్నారు. అందుకని ‘పరుగెత్తు’ మొదటి వరుసలో, ఉదాహరణ కూడా లేకుండా, ఒక్క గీతలో ఉంచారు. తెలిసినది చూసుకుని, దాటి ముందుకు వెళ్లడానికి అంతే చాలు.

సరిచూసుకోవడం

ద్వారాలు ఎంత బాగా గీసినా, గీసినవాడికి తన గీతలు ఎప్పుడూ స్పష్టంగానే కనబడతాయి. అందుకని కొత్తగా తీసిన 100 కన్‌కార్డెన్స్ వరుసలను ఇద్దరికి విడివిడిగా ఇచ్చి, ఏ వరుస ఏ అంకె కిందికి వస్తుందో రాయమన్నారు. ఒకరిది ఒకరు చూడకూడదు. ఇద్దరూ వేర్వేరుగా రాసిన చోట్లను పక్కకు తీసి, ఒక్కోదాన్ని మూడు ప్రశ్నలతో పరీక్షించారు. రెండు అంకెలకూ తెలుగు మాట ఒకటేనా? అయితే కలిపేయి. తెలుగు వేరైతే, వాక్యంలో ఏ మాట చూసి తేడా పట్టవచ్చు? దాన్ని బొద్దు భాగంలో చేర్చు. అలాంటి మాటే లేకపోతే రెండు తెలుగు మాటలనూ ఒకే వరుసలో, ఏది ఎప్పుడో చెప్పకుండా, పక్కపక్కన ఇచ్చేయి. లేని తేడాను కల్పించకు.

‘భయం వెన్నులో రన్ అయింది’, ‘ఆలోచన మనసులో రన్ అయింది’ లాంటివి మూడో ప్రశ్న దాకా వచ్చి ఆగాయి. ఒకచోట ‘పాకు’, ఒకచోట ‘మెదులు’, ఇంకోచోట ‘పుట్టు’. కర్తను చూసి తెలుగు ఊహించడం కుదరలేదు. వీటికి ‘భావం, ఆలోచన’ అని ఒకే వరుస పెట్టి, మూడు మాటలూ మూడు ఉదాహరణలతో ఇచ్చారు. అందంగా లేదు గానీ అబద్ధం కాదు.

తర్వాత మొదటి పరీక్షనే, కొత్త వాక్యాలతో, ఇంతకుముందు చూడనివాళ్లతో మళ్లీ చేయించారు. పాత వాక్యాలు వాడకూడదు, వాటిని చూసే ఆరోపం సరిదిద్దారు కాబట్టి. చదివేవాళ్లు ఇప్పుడు వరసగా చదవడం మానేసి, ఎడమ భాగంలో తమ వాక్యంలోని మాట కోసం వెతికారు. కింది వరుసలదాకా వెళ్లినవాళ్లు పెరిగారు, కారు వాక్యంలాంటి చోట్ల తప్పులు బాగా తగ్గాయి. మిగిలిన తప్పులు ఎక్కువగా కర్మ దూరంగా ఉన్న వాక్యాల్లో వచ్చాయి: ‘ద షాప్ హిజ్ ఫాదర్ హాడ్ రన్’ అన్నప్పుడు వెనక ఏమీ లేదు కాబట్టి కర్మ లేని దారిలోకి వెళ్లిపోయారు. దీనికి ఆరోపం పైన ఒక సూచన రాశారు: వెనక కర్మ కనబడకపోతే ముందున్న నామవాచకాన్ని చూడండి, రన్ అయ్యేది అదేనా, దాన్ని ఎవరైనా రన్ చేస్తున్నారా అని.

వేరే మాటలకు వాడేటప్పుడు

ఈ పద్ధతిని తర్వాత ‘టేక్’, ‘టర్న్’, ‘బ్రేక్’ మీద వాడారు. ‘బ్రేక్’ మీద దాదాపు యథాతథంగా నడిచింది: గాజు పగులు, కర్ర విరుగు, తాడు తెగు, యంత్రం చెడు, మాట తప్పు, కర్తా కర్మా చూస్తే చాలు. ‘టేక్’ దగ్గర మొదటి ద్వారం నిరుపయోగం, ఎందుకంటే వెనక దాదాపు ఎప్పుడూ కర్మ ఉంటుంది. నేరుగా కర్మల జాబితాకే వెళ్లాలి, అది పొడుగు. మందు, బస్సు, ఫొటో, సలహా, పరీక్ష, సమయం ఒక్కోదానికి ఒక్కో తెలుగు క్రియ.

‘సెట్’ పూర్తిగా వేరే జాతి. అందులో రెండు వేర్వేరు మాటలు ఒకే స్పెల్లింగులో కలిసి ఉన్నాయి. పెట్టడం, అమర్చడం అర్థాల క్రియ పాత ఇంగ్లీషుది, ‘సిట్’కి ప్రేరణార్థకం. వస్తువుల జత, గుంపు అన్న నామవాచకం పాత ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది, తర్వాత క్రియ ప్రభావం దాని మీద పడింది. చదివేవాడికి ఈ చరిత్రతో పనిలేదు గానీ సంపాదకుడికి ఉంది: ఈ రెండిటినీ ఒకే మూలభావం కిందికి తేవాలని కూర్చుంటే రోజులు వృథా అవుతాయి. నామవాచకాన్ని మొదటే విడగొట్టి, క్రియలో ‘అప్’, ‘అవుట్’, ‘ఆఫ్’, ‘అబౌట్’, ‘ఇన్’ ఉన్న వరుసలన్నీ తీసేశాకే మిగతా ద్వారాలు గీయాలి. ‘సెట్’కి విశేషణరూపం కూడా ఉంది, ‘సెట్ మీల్’, ‘సెట్ టు విన్’ లాంటివి. క్రియకు భూతకాల రూపం కూడా ‘సెట్’ కావడంతో కన్‌కార్డెన్స్‌లో ఈ రెండూ కలిసిపోయి కనబడతాయి. ఎడమవైపు ‘ఈజ్’, ‘ఆర్’, ‘వాజ్’ ఉన్న వరుసలను చేత్తో ఒక్కొక్కటే చూడక తప్పదు. ఆ వేరుచేత పూర్తయ్యేవరకు నమూనా పెంచడం మొదలుపెట్టకూడదు.